కర్త లేని పాఠం

హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే నాలాంటి వాళ్ళకి ఒక వాక్యం బాగా అలవాటు. పాఠ్యపుస్తకంలో, గైడులో, పర్యావరణ దినోత్సవం నాడు ముఖ్య అతిథి ఉపన్యాసంలో, వ్యాసరచన పోటీకి పిల్లలు బట్టీపట్టుకొచ్చే కాగితంలో అది కాస్త మాటలు మార్చుకుని కనిపిస్తూనే వుంటుంది. మనిషి స్వార్థం వల్ల, మానవ కార్యకలాపాల వల్ల భూమి వేడెక్కిపోతోందన్న వాక్యం అది. అందులో అబద్ధమేమీ లేదు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకి 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. లెక్కలు రాసిపెట్టుకోవటం మొదలయ్యాక అత్యంత వేడి సంవత్సరం 2024. మరి ఈ పని చేసిన ఆ ‘మనిషి’ ఎవరు?

ఈ పత్రిక చదివే వాళ్ళకి ఇది కొత్త ప్రశ్న కాదు. ‘మనిషి’ అనే మాట వెనక ఎవరు నిలబడతారో, ఎవరు మాయమైపోతారో స్త్రీవాదులు ఎప్పట్నుంచో అడుగుతూనే వున్నారు. చరిత్రలో, చట్టంలో, సాహిత్యంలో అడిగిన ఆ ప్రశ్ననే తొమ్మిదో తరగతి భూగోళం పాఠంలో అడిగితే ఏమవుతుంది? జహీరాబాద్ ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠం చెప్తూ నేను చూసింది, పిల్లలు నాకు చూపించింది రాయాలనిపించింది.

పర్యావరణ పాఠం బడిలోకి తనంత తాను నడిచి రాలేదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, బడుల్లో పర్యావరణాన్ని తప్పనిసరిగా చెప్పాలంది. అది సరిగ్గా అమలు కాకపోతే 2003లో మళ్ళీ ఆదేశించాల్సి వచ్చింది. పిల్లల పరిసరాల్లో వున్న జ్ఞానాన్ని తరగతి గదితో ముడిపెట్టమని 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం చెప్పింది. ఆ దారిలోనే 2014లో మనకి పదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం వచ్చింది. అది మంచి పుస్తకమే. ఒక వూరి వానల్ని, ఎండల్ని ఒకే పటంలో చూపించే క్లైమోగ్రాఫులు అందులో వున్నాయి. నర్మదా లోయలో మునిగిపోబోతున్న జలసింధి వూరి నుంచి ముఖ్యమంత్రికి వెళ్ళిన ఉత్తరం కూడా వుంది. ఇక 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పిల్లల మీద భారం తగ్గిస్తున్నామంటూ పదకొండో తరగతి భూగోళంలోంచి గ్రీన్‌హౌస్ ప్రభావం గురించిన భాగాన్ని తీసేసింది. మిగతా బరువులన్నీ వుంచి దాన్నే ఎందుకు దించారని అప్పుడు ఉపాధ్యాయులు చాలామంది అడిగారు.

అయితే పుస్తకంలో ఏముందనే దానికంటే పరీక్షలో ఏమొస్తుందనేదే మా బడుల్లో పాఠాన్ని నడిపిస్తుంది. భూగోళం వేడెక్కకుండా నీవు తీసుకునే చర్యలేవి? నాలుగు మార్కులు. జవాబు కూడా అందరికీ తెలిసిందే. చెట్లు నాటుతాను, ప్లాస్టిక్ వాడను, లైట్లు ఆర్పేస్తాను, సైకిలు తొక్కుతాను. ఈ జవాబు రాసే పిల్లల్లో సగం మంది ఇళ్ళలో రెండే బల్బులుంటాయి. సైకిలు వుంటే అది అన్నదో తమ్ముడిదో అయివుంటుంది. కారణం చెప్పేటప్పుడు ‘మానవుడు’, బాధ్యత అప్పజెప్పేటప్పుడు ‘నీవు’. నేరానికి కర్త లేడు గానీ శిక్ష మాత్రం పదమూడేళ్ళ పిల్లకి.

అందుకే ఒక ఏడాది ఆ పాఠాన్ని దాని పేరుతో మొదలుపెట్టలేదు. ‘శీతోష్ణస్థితి’ అనే మాట మా పిల్లలకి పరీక్షలో రాయటానికి తప్ప ఇంకెక్కడా అక్కరకి రాదు. ఇంట్లో వాడే మాట ‘కాలం’. సమయానికి వానలు పడి పంట చేతికొస్తే ‘కాలమైంది’ అంటారు. రాకపోతే ‘ఈ యేడు కాలం కాలే’ అంటారు. వాన, పంట, అప్పు, పెళ్ళి, బడి ఫీజు అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. బోర్డు మీద ‘కాలం ఎందుకు కాలే?’ అని రాసి కూర్చున్నాను. ఎప్పుడూ నోరు తెరవని వెనక బెంచీల్లోంచి మాటలు మొదలయ్యాయి.

ముందు బొమ్మలు వేయించాను. వేడెక్కుతున్న భూమిని గీయమంటే ఇంచుమించు అందరూ ఒకే బొమ్మ వేశారు. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, కన్నీళ్ళు కారుస్తున్న భూమాత. పోటీల్లో బహుమతి వచ్చే బొమ్మ అదేనని వాళ్ళకి తెలుసు. ఇందులో తల్లి ఏం చేస్తోందని అడిగాను. ‘ఏడుస్తుంది టీచర్’ అన్నారు. ఇంకేం చేస్తోంది? ఎవరూ మాట్లాడలేదు. మీ ఇంట్లో అమ్మ ఏడుస్తూ మాత్రమే కూర్చుంటుందా అంటే నవ్వారు. భూమిని తల్లిని చేశాక ఇక ఆమె పని భరించటం, మన పని జాలిపడటం. సహనానికి మారుపేరుగా ఆడవాళ్ళని నిలబెట్టే పాత అలవాటే పర్యావరణ ప్రేమ పేరుతో డ్రాయింగ్ షీటు మీదకి వచ్చింది. ఈసారి తల్లి లేకుండా వెయ్యండి అన్నాను. రెండో రోజు బొమ్మలు మారిపోయాయి. ఒకబ్బాయి రాత్రిపూట బోరు వేస్తున్న లారీని వేశాడు. ఇద్దరమ్మాయిలు కలిసి బోరింగు దగ్గర బిందెల వరస వేశారు. ఆ వరసలో మనుషులు లేరు, బిందెలే వున్నాయి. ఎందుకంటే బిందెని వరసలో పెట్టి వాళ్ళు వేరే పనికి పోతారట. ఆ ఒక్క బొమ్మ మీద రెండు పీరియడ్లు మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత పాఠాన్ని మూడు ప్రశ్నల చుట్టూ నడిపించాను. ఎవరు చేశారు? ఎవరికి తగులుతోంది? ఎవరికి తెలుసు?

మొదటి ప్రశ్నకి జొన్న గింజలు తెచ్చుకున్నాం. ఒక గింజ ఒక టన్ను. సగటున ఒక మనిషి ఒక ఏడాదిలో గాల్లోకి వదిలే బొగ్గుపులుసు వాయువు అమెరికాలో సుమారు 14 టన్నులు, మనదేశంలో సుమారు 2 టన్నులు. బల్ల మీద ఒకవైపు పద్నాలుగు గింజలు, ఇంకోవైపు రెండు. ‘మనిషి’ అనే మాట అక్కడే రెండు ముక్కలైంది. 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఈ సంగతి గట్టిగా చెప్పారు. బతకటానికి వెలువడే వాయువుల్నీ విలాసానికి వెలువడే వాయువుల్నీ ఒకే తక్కెడలో తూచొద్దన్నారు. వరి మడిలోంచి, పశువుల కొట్టంలోంచి వచ్చే మీథేన్, కార్లలోంచి వచ్చే పొగ ఒకటెలా అవుతాయని వాళ్ళు అడిగారు.

ఆ రెండు గింజల దగ్గర మా వాళ్ళు ఆగలేదు. మన వూళ్ళో వాళ్ళవీ రెండేనా, హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో వుండేవాళ్ళవీ రెండేనా అని ఒకబ్బాయి అడిగాడు. సగటు అనే లెక్క ఏం చూపిస్తుందో, ఏం దాచిపెడుతుందో గణితం పీరియడులో కంటే ఆరోజు బాగా అర్థమైంది. దేశాల మధ్య న్యాయం అడిగే మనదేశం, దేశం లోపల అదే ప్రశ్న అడిగితే ఏం చెప్తుంది? అప్పుడు ఒకమ్మాయి లేచి ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళింది. ‘మా ఇంట్ల బండి మా నాయినది. కట్టెలు మా అమ్మ తెస్తది. మరి పొగ ఎవర్ది టీచర్?’

పొగ ఎవరిది? కట్టెల పొయ్యి పొగ గురించి అంతర్జాతీయ వేదికల మీద చాలా మాట్లాడతారు. ఇళ్ళలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయి వుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగ ముందుగా పోయేది వండే మనిషి వూపిరితిత్తుల్లోకి. మన దగ్గర 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసు పొయ్యిలిచ్చాయి. వాటిని ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. సిలిండరు అయిపోయాక మళ్ళీ నింపించటానికి డబ్బులు ఎవరి చేతిలో వున్నాయన్నది మాత్రం పథకం కాగితంలో వుండదు. చాలా ఇళ్ళలో గ్యాసు చుట్టాలొస్తే టీ పెట్టటానికి, కట్టెలు రోజూ వంటకి. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషిని కాలుష్య కారకురాలి జాబితాలో చేర్చే ముందు ఆమెకి ఇంకో దారి వుందా అని అడగాలని పిల్లలే తేల్చారు.

రెండో ప్రశ్న ఎవరికి తగులుతోందన్నది. దీనికి దూరం పోనక్కర్లేదు. మార్చి నడిమికి రాగానే మాకు ఒంటిపూట బడులు. మా విద్యా క్యాలెండరే ఎండకి తలొంచిన క్యాలెండరు. 2015 మే నెల వడగాలులకి దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. ఉపాధి హామీ పనిలో వున్నవాళ్ళు, కూలికి పోయినవాళ్ళు, ముసలివాళ్ళు. అప్పట్నుంచి వేసవి రాగానే గోడల మీద సూచనలు అంటిస్తారు. మధ్యాహ్నం బయటికి వెళ్ళకండి, నీళ్ళు ఎక్కువగా తాగండి.

ఆ సూచనల కాగితాన్ని తరగతిలో ఒక పాఠంలా చదివాం. ఇది ఎవరితో మాట్లాడుతోంది? మధ్యాహ్నం బయటికి వెళ్ళకుండా వుండగలిగే వాళ్ళెవరు? ఆ తర్వాత నీళ్ళ సంగతి వచ్చింది. అమ్మాయిలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అబ్బాయిలు ఆటలకి వెళ్ళాక నా బల్ల చుట్టూ చేరి చెప్పారు. బడికి వచ్చే రోజు పొద్దున లేచాక నీళ్ళు తాగరు. తాగితే మరుగుదొడ్డికి వెళ్ళాలి. వున్న ఒకటి రెండింటికి తలుపు గడియ లేకపోవచ్చు, నీళ్ళు లేకపోవచ్చు. నెలసరి రోజులైతే ఇంక చెప్పక్కర్లేదు. నలభై డిగ్రీల ఎండలో రేకుల కప్పు కింద గొంతు తడుపుకోకుండా కూర్చుని ‘వడదెబ్బ తగలకుండా జాగ్రత్తలు’ అనే ప్రశ్నకి ‘నీరు ఎక్కువగా త్రాగవలెను’ అని జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటారు. నాకు తెలిసినంతలో శీతోష్ణస్థితి న్యాయం గురించి ఇంతకంటే స్పష్టమైన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. ఎండ అందరి మీదా ఒకేలా కాస్తుందనే మాట ఆ రోజుతో చెల్లిపోయింది.

ఆ వారం ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి రోజు మొత్తం ఏం చేస్తారో గంటలవారీగా రాయాలి, ఒకసారి మాఘమాసపు రోజు, ఒకసారి నడి ఎండాకాలపు రోజు. అబ్బాయిలు అమ్మల రోజు రాయాలి, అమ్మాయిలు నాన్నల రోజు. అబ్బాయిల్లో కొందరికి కాగితం సరిపోలేదు. ఎండాకాలంలో నీళ్ళకి, మేతకి, పొలం నించి తిరిగి రావటానికి అమ్మకి ఎన్ని గంటలు పెరుగుతున్నాయో లెక్కగట్టి, నిద్రలోంచి తీసేశారు. తాగి పడుకునే నాన్న రోజుని ఒకమ్మాయి నాలుగు ముక్కల్లో రాసిచ్చింది. అది బిగ్గరగా చదివించలేదు. ఇలాంటి పాఠాల్లో టీచరు చెయ్యాల్సిన మొదటి పని, ఏది తరగతి ముందు పెట్టాలి, ఏది ఆ పిల్ల దగ్గరే వుండనివ్వాలి అని చూసుకోవటం.

మూడో ప్రశ్న ఎవరికి తెలుసు అనేది. మా ప్రాంతంలో ఈ ప్రశ్నకి జవాబు నడిచి వస్తుంది. జహీరాబాద్ చుట్టుపక్కల వూళ్ళలో 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పనిచేస్తున్నాయి. వాటిలో ఎక్కువ మంది దళిత స్త్రీలు. ఎర్ర నేలల్లో, వానాధారం మీద, ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ, అనుము, పెసర... ఇరవై రకాల దాకా కలిపి వేస్తారు. వాన ముందొస్తే ఒకటి, ఆలస్యమైతే ఇంకొకటి, అసలు మొహం చాటేస్తే మరొకటి గింజ ఇస్తుంది. విత్తనాలని బూడిద, వేపాకు కలిపి ఈత బుట్టల్లో మెత్తి దాచుకుంటారు. 2008లో మాచునూరు నుంచి మొదలైన సంఘం రేడియో నడిపేది ఈ ఆడవాళ్ళే. 2019లో ఈ సంఘాలకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మా పిల్లల్లో కొందరికి వీళ్ళు అమ్మమ్మలు, నాయనమ్మలు. ఆ సంగతి పిల్లలు బడిలో ఎప్పుడూ చెప్పుకోలేదు. వ్యవసాయం అంటే చెరకు, పత్తి, అల్లం. జొన్నరొట్టె తెచ్చుకున్న పిల్ల డబ్బా మూత కాస్తే తెరిచి తినటం నేను చూశాను.

నాయనమ్మలని అడిగి సామెతలు, కార్తెల గుర్తులు సేకరించుకు రమ్మన్నాను. రోహిణి ఎండలకి రోళ్ళు పగుల్తాయనే సామెత ఇంచుమించు అందరూ తెచ్చారు. ఎండ తీవ్రతని కొలవటానికి ఆ సామెత పట్టుకున్న కొలమానం ఏమిటో చూశారా? రోలు. ఆడవాళ్ళ చేతికింద పనిముట్టు. ఈ సామెత పుట్టించింది ఎవరై వుంటారని అడిగితే తరగతిలో మొదటిసారి ఆడవాళ్ళు శాస్త్రం చెప్పినవాళ్ళుగా కనిపించారు. మిరుగం దాటినా వాన లేకపోతే ఏ పంట మానుకోవాలి, పుష్యాలలో ఏది చల్లాలి, అనేవి చిన్న చిన్న నోటుపుస్తకాలు నిండా వచ్చాయి.

కానీ అక్కడితో ఆగిపోతే అది పాఠం కాదు, భజన అవుతుంది. ఆ సామెతల్ని మండలం వర్షపాతం లెక్కల పక్కన పెట్టాం. కొన్ని సరిపోయాయి, కొన్ని ఇప్పుడు సరిపోవటం లేదు. సామెత తప్పా, కాలం మారిందా? ఒక్క ఏడాది వాన రాకపోతే అది శీతోష్ణస్థితి మార్పు అయిపోదు. ముప్ఫయ్యేళ్ళ సగటు చూడాలి. నాయనమ్మ జ్ఞాపకం ముప్ఫయ్యేళ్ళకి మించినదే గానీ, జ్ఞాపకం కూడా ఒక సాక్ష్యమే, తీర్పు కాదు. ఇద్దరు నాయనమ్మలు ఒకే ఏడాది గురించి రెండు రకాలుగా చెప్పినప్పుడు పిల్లలు ఎవరిని నమ్మాలో తేల్చుకోలేక రిజిస్టర్లు వెతికారు. ఓజోను పొరకి చిల్లు పడటం, భూమి వేడెక్కటం ఒకటే అనుకునే వాళ్ళు పిల్లల్లోనే కాదు, మా స్టాఫ్ రూములోనూ వున్నారు. ఈ రెండూ వేరు వేరని విడదీసి చెప్పటం కూడా విమర్శలో భాగమే.

‘ఎవరికి తెలుసు’ అనే ప్రశ్న సామాన్య శాస్త్రం పుస్తకానికీ వెయ్యాలి. బొగ్గుపులుసు వాయువు వున్న గాజు గొట్టం మామూలు గాలి వున్న గొట్టం కంటే ఎండలో ఎక్కువ వేడెక్కుతుందనీ, చల్లారటానికి ఎక్కువసేపు తీసుకుంటుందనీ 1856లో చూపించినామె యూనిస్ ఫుట్ అనే అమెరికన్ స్త్రీ. గాలిలో ఆ వాయువు ఎక్కువైతే భూమి ఉష్ణోగ్రత పెరుగుతుందని ఆమె రాసింది. శాస్త్రవేత్తల సభలో ఆ వ్యాసాన్ని చదివింది ఆమె కాదు, జోసెఫ్ హెన్రీ. మూడేళ్ళ తర్వాత ప్రయోగం చేసిన జాన్ టిండాల్ పేరు నిలిచింది. ఆమె పేరు 2011 దాకా ఇంచుమించు ఎవరికీ గుర్తులేదు. 1848లో సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో ఆమె ఒకరు. అయితే ఇక్కడ కూడా నిజాయితీగా వుండాలి. ఎండ వేడినీ, భూమి తిరిగి పంపే పరారుణ వేడినీ ఆమె ప్రయోగం విడదీసి చూపించలేదు. పరారుణ వేడిని ఆ వాయువులు ఎలా పట్టుకుంటాయో కొలిచి చూపించింది టిండాలే. ఆడమనిషి కాబట్టి అన్నీ ఆమే కనిపెట్టిందని చెప్పటం, ఆడమనిషి కాబట్టి ఏమీ కనిపెట్టలేదని వదిలెయ్యటం రెండూ పిల్లలకి అక్కర్లేదు. ఆమె పేరు విన్నాక ఒకమ్మాయి తన నోటుపుస్తకం అట్ట మీద సి.వి. రామన్ పక్కన యూనిస్ ఫుట్ అని రాసుకుంది.

సంఘం ఆడవాళ్ళ జ్ఞానం గురించి నేను వుత్సాహంగా చెప్పుకుపోతుంటే నన్ను ఆపింది కూడా ఒక పిల్లే. ‘మా అవ్వకి అన్నీ ఎరుకే టీచర్. గని నేను ఆ పని చెయ్య. నర్సునైత.’ ఈ మాట నాకు ఇప్పటికీ పెద్ద పాఠం. ప్రకృతికీ స్త్రీకీ సహజమైన బంధం వుందని మరియా మీస్, వందనా శివ 1993లో రాసిన పర్యావరణ స్త్రీవాదం మనలో చాలామందిని కదిలించింది. దానికి ఏడాది ముందే బీనా అగర్వాల్ ఇంకో మాట అంది. అది సహజ బంధం కాదు. భూమి ఎవరి పేరున వుంది, పని ఎవరి మీద పడుతోంది అనే వాటిలోంచి వచ్చిన బంధం. కులం, వర్గం వదిలేసి ‘స్త్రీ’ అని మాట్లాడితే అది కూడా ‘మనిషి’ లాంటి మాటే అయిపోతుంది. నాట్లేసే చేతుల జ్ఞానాన్ని గౌరవించటానికి ఆ చేతుల కూతురు కూడా నాట్లే వెయ్యాలని కోరుకోనక్కర్లేదు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నాక కొర్రలు నగరంలో ఆరోగ్యం కోసం తినే ఖరీదైన తిండి అయ్యాయి. ఆ పంటని అవమానాల మధ్య కాపాడినవాళ్ళ మనవరాలు నర్సు అయితే అందులో ద్రోహం ఏముంది? నర్సయి, వడదెబ్బ తిన్న మనిషికి సెలైన్ పెట్టేటప్పుడు అవ్వ చెప్పింది గుర్తుంటే చాలు. ఆ పిల్లకి నేను ఇవ్వాల్సింది ఎంచుకునే వీలు.

ఇక అన్నిటికంటే నన్ను కదిలించిన పటం మా హాజరు పట్టీలోంచి వచ్చింది. పదో తరగతి పుస్తకంలో క్లైమోగ్రాఫు గీయటం నేర్చుకున్నాక, ఉష్ణోగ్రత గీతకి బదులు హాజరు గీత గీద్దామన్నాను. పేర్లు చూపించలేదు, నెలవారీ సంఖ్యలు మాత్రం ఇచ్చాను. రెండేళ్ళవి, ఒకటి కాలమైన ఏడాది, ఒకటి కాని ఏడాది. నీలం కడ్డీలు వాన, ఎర్ర గీత పిల్లలు. వానలు కుంగిన ఏడాది దసరా సెలవుల తర్వాత ఎర్ర గీత దిగిపోయి మార్చి దాకా లేవలేదు. తండాల నుంచి వచ్చే పిల్లలు తల్లిదండ్రులతో చెరకు కోతకి వెళ్ళిపోయిన నెలలవి. గీత గీస్తున్న పిల్లల్లో తామూ ఆ గీతలో వున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. తరగతి కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ జాగ్రత్తగా వుండాలి. వాన రాలేదు కాబట్టి వలస అని ముగిస్తే అది కూడా కర్త లేని వాక్యమే. అదే వానల్లో బోరున్న రైతు చెరకు ఎండలేదు. వలస పోయినవాళ్ళకి భూమి ఎంత వుంది, ఎవరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, పిల్లల కోసం సీజనల్ హాస్టలు తెరిచారా లేదా అన్నీ ఆ గీతలో వున్నాయి. ఏ వైఫల్యాన్నయినా వాతావరణం మీదకి తోసేసి చేతులు కడుక్కునే అధికారుల భాష ఇప్పుడు వినిపిస్తోంది. దాన్ని గుర్తుపట్టటం కూడా పిల్లలకి నేర్పాలి. పక్క రాష్ట్రం మరాఠ్వాడాలో చెరకు కోతకి భార్యాభర్తల జంటని ఒక ‘కొయ్తా’గా, అంటే ఒక కొడవలిగా లెక్కగడతారు. ఎదిగిన పిల్లని ఇంటి దగ్గర ఒంటరిగా వదలలేని భయం ఒకవైపు, జంటకే పని అనే లెక్క ఇంకోవైపు వుంటే పెళ్ళి ఎంత సులువో ఆలోచించండి. ఒక ఏడాది తొమ్మిదో తరగతి మధ్యలో వెళ్ళిపోయిన అమ్మాయి తర్వాత జూన్‌లో మళ్ళీ బడికి వచ్చింది. మెడలో పుస్తెలతో, చెల్లెల్ని ఆరో తరగతిలో చేర్పించటానికి. నన్ను చూసి నవ్వి, ‘దీన్ని మంచిగ సదివించుండ్రి టీచర్’ అంది. ఆమె వయసు కనుక్కుని ఫిర్యాదు చెయ్యటానికి నేనూ, మా తోటి టీచరూ వెళ్తే, పుట్టిన తేదీ దగ్గర్నుంచి అన్నీ మారిపోయి వున్నాయి.

ఆ తర్వాత పిల్లలు జలసింధి ఉత్తరం చదివి తమ ఉత్తరాలు రాశారు. ఎవరికి రాయాలో వాళ్ళనే తేల్చుకోమన్నాను. ముఖ్యమంత్రికి కొందరు, విద్యుత్ కేంద్రానికి ఒకరు, బోరు లారీ యజమానికి ఒకరు. పొగ ఎవర్దని అడిగిన పిల్ల వాళ్ళ నాన్నకి రాసింది. గ్యాసుకి పైసలు ఇమ్మని. ఒకబ్బాయి ప్రధానోపాధ్యాయుడికి రాశాడు, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ పెట్టించమని. దానిమీద తరగతంతా సంతకాలు చేసింది. గడియ పడింది. నీళ్ళ కనెక్షన్ కోసం ఇంకా అడుగుతూనే వున్నాం. భూగోళం వేడి దీనివల్ల ఒక్క పిసరు తగ్గదని నాకు తెలుసు. కానీ ఆ వేసవిలో అమ్మాయిలు సీసాలు తెచ్చుకుని నీళ్ళు తాగారు.

ఇదంతా మెచ్చుకునేవాళ్ళే కాదు, అడిగేవాళ్ళూ వున్నారు. సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు? ఇది రాజకీయం కాదా? పిల్లల్ని భయపెట్టటం లేదా? సిలబస్ పూర్తయింది, క్లైమోగ్రాఫు ప్రశ్నకి మా వాళ్ళు బాగానే రాశారు. రాజకీయం అంటారా, బాధ్యతంతా పిల్లల మీద పెట్టి చేసినవాళ్ళ పేరు చెప్పకపోవటం కంటే పెద్ద రాజకీయం ఏముంది? భయం మాత్రం నిజమైన ప్రశ్నే. మా పిల్లలకి భయం కొత్త కాదు, కాలం కాకపోవటం వాళ్ళు ఇంట్లో చూసిందే. కొత్తగా దొరికింది దాన్ని గురించి నలుగురిలో మాట్లాడటం, లెక్కగట్టటం, ఎవరిని అడగాలో తెలియటం. ‘రేపటి భూమిని కాపాడాల్సింది మీరే’ అని చెప్పి పిల్లల భుజాల మీద, ముఖ్యంగా ఆడపిల్లల భుజాల మీద, ఇంకో బిందె పెట్టకుండా వుంటే చాలు.

ఈ పత్రికలో రాసేవాళ్ళకి, విశ్వవిద్యాలయాల్లో చెప్పేవాళ్ళకి ఒక మాట. తరగతిలో చదివించటానికి ఈ విషయం మీద తెలుగులో నాకు దొరికింది చాలా తక్కువ. దొరికినవి ఎక్కువగా అనువాదాలు, ధ్రువపు ఎలుగుబంట్లు, కరుగుతున్న మంచు. చెరకు తోటలో చలి రాత్రి గురించి, వంతు కోసం పెట్టిన బిందె గురించి, గ్యాసు సిలిండరు అయిపోయిన రోజు గురించి పదమూడేళ్ళ పిల్ల చదవగలిగే రెండు పేజీలు కావాలి. కన్నీళ్ళు పెట్టే భూమాత వద్దు. ఎవరు ఏం చేశారో, ఎవరికి ఏమైందో చెప్పే మామూలు వాక్యాలు చాలు. మీరు రాసి పంపండి. జూన్‌లో మళ్ళీ బడి తెరిచేసరికి నాకు అవసరం.